పట్టూ విడుపూ: ఖాజాగూడ చౌరస్తాలో కదలని సాయంత్రం

వాన వెలిసింది ఆరున్నరకు. మా క్యాబు హైదరాబాద్‌లోని ఖాజాగూడ చౌరస్తాకు చేరింది ఏడింటికి. ఏడూ నలభైకి కూడా అక్కడే ఉంది. వానకు సిగ్నల్ దీపాలు ఆరిపోయాయి. అద్దంలోంచి చూస్తే ముందంతా ఎర్రలైట్లు, పైన గుట్ట మీద తడిసి నల్లబడ్డ బండరాళ్ళు. లోకంలో కదలనివి ఆ రాళ్ళూ మేమూ అన్నట్టుంది.

బండిలో నలుగురం. నా పక్కనున్న అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, ఖాజాగూడ దగ్గర స్ట్రక్ అయిపోయానే. నువ్వూ నాన్నా తినేసెయ్యండి" అంది. ముందు సీటాయన ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. "ఇక్కడ రోడ్డు జామ్, అక్కడ సర్వర్ హ్యాంగ్. ఏం చెయ్యమంటారు చెప్పండి" అని ఎవరితోనో మొరపెట్టుకుంటున్నాడు. డ్రైవరు స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తూ, "ఇరుక్కపోయినం సార్. ఎవ్వడన్నా ఒక్కడు ఇడిస్తెనే" అన్నాడు.

ఒకటే రోడ్డు, ఒకటే నిమిషం. మాటలు మాత్రం నాలుగు: స్ట్రక్, జామ్, హ్యాంగ్, ఇరుక్కుపోవడం. వినడానికి అన్నీ ఒకటే. కానీ ఒళ్ళు వేడెక్కిన ప్రతిదాన్నీ జ్వరం అన్నట్టే ఇదీ. మలేరియా అయినా టైఫాయిడ్ అయినా డెంగ్యూ అయినా పైకి జ్వరమే. మందు మాత్రం ఒకటి కాదు. 'కదలడం లేదు' అన్నది కూడా లక్షణమే. జబ్బేమిటో తేలాలంటే ఇంకో ప్రశ్న వెయ్యాలి. కదలనివ్వకుండా పట్టుకున్నది ఏది?

ముల్లు, ముడి, బురద

ముందు ఆ అమ్మాయి మాట సంగతి చూద్దాం. స్ట్రక్ అన్నది మన ఐటీ కారిడార్ ఇంగ్లిషు. ఇంగ్లిషువాళ్ళ మాట స్టక్. అది 'స్టిక్' అనే క్రియ నుంచి వచ్చింది. వెయ్యేళ్ళనాటి ఇంగ్లిషులో ఆ క్రియకు గుచ్చడం, పొడవడం అని అర్థం. దిగిన ముల్లు దిగినచోటే ఉండిపోతుంది కదా, అలా అది అంటుకుపోవడంగా, కదల్లేకపోవడంగా మారింది. స్ట్రక్‌కు తల్లి వేరు, 'స్ట్రైక్'. ఇవాళ దానికి కొట్టడమని అర్థం గానీ, పాత ఇంగ్లిషులో నిమరడం, ఒరుసుకుంటూ సాగిపోవడం అని. అంటే ట్రాఫిక్‌లో స్ట్రక్ అయ్యామనే వాళ్ళంతా వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లిషులో 'సాగిపోతున్నాం' అంటున్నారన్నమాట! ఆ 'ర' మన నోటికి ఎలా వచ్చింది? వస్త్రం, శాస్త్రం, స్త్రీ పలికి పలికి ఆరితేరిన నాలుక కదా, 'స్ట' కనబడితే కింద క్రావడి పెట్టకుండా ఉండలేదేమోనని నా అనుమానం.

ఏ జాతి ఎక్కడ ఇరుక్కుందో ఆ జాతి మాటల్లో తెలిసిపోతుంది. ఇంగ్లిషువాళ్ళది సముద్రం బతుకు. అందుకే దిక్కులేక చిక్కుబడినవాణ్ణి 'స్ట్రాండెడ్' అంటారు. స్ట్రాండ్ అంటే ఒడ్డు. ఓడ ఒడ్డుకెక్కి కూలబడితే అది స్ట్రాండెడ్. పని ముందుకు సాగకపోతే 'బాగ్డ్ డౌన్' అంటారు. బాగ్ అంటే ఐర్లండ్, స్కాట్లండ్ నేలల్లో కాలు పెడితే దిగిపోయే తడినేల. 'స్టైమీ' గోల్ఫ్ మాట. నీ బంతికీ గుంతకూ మధ్య ఎదుటివాడి బంతి అడ్డుగా ఉండటం. ఆ అడ్డును తీయకూడదన్న నియమాన్ని 1952లో ఎత్తేశారు, మాట మాత్రం మిగిలింది. ఖాజాగూడకు దగ్గర్లోనే రాళ్ళ మధ్య గోల్ఫ్ మైదానం ఉంది గానీ, అక్కడ ఆడేవాళ్ళకు ఇప్పుడు స్టైమీ బెడద లేదు. మైదానం దాటి రోడ్డెక్కితేనే ఉంది.

మనవి పొలం మాటలు, ఇంటి మాటలు. చిక్కుకోవడం దారానిది, జుట్టుది. దిగబడటం బండిచక్రానిది. మొరాయించడం ఎద్దుది, ఇప్పుడది స్కూటర్‌కూ సర్వర్‌కూ బదిలీ అయింది. ఇరుక్కోవడంలో ఇరుకు ఉంది, కూరుకుపోవడంలో కూరడం ఉంది, స్తంభించడంలో స్తంభం ఉంది. అడకత్తెరలో పోకచెక్క, కుడితిలో పడ్డ ఎలుక, గొంతులో వెలక్కాయ. ఒక్కోటీ ఒక్కో రకం ఇరకాటం. అడకత్తెరలో రెండు వైపుల నుంచీ ఒత్తిడి. కుడితిలో కాలు ఆనడానికి ఆధారం లేదు. గొంతులో దారి కన్నా వస్తువు పెద్దది. భౌతికశాస్త్రం చదవకుండానే మన పెద్దలు వీటిని వేటికవి విడదీసి పెట్టారు. వీటన్నిటికీ ఉమ్మడి మాట ఒకటుంది: పట్టు. దాని జంట విడుపు. ఈ అధ్యాయమంతా ఆ రెంటి సంగతే.

గుట్ట మీది రాయి

చౌరస్తాలో నుంచి తల ఎత్తితే కనబడే ఆ రాళ్ళతో మొదలుపెడదాం. ఫక్రుద్దీన్ గుట్ట అని పేరున్న ఈ ఖాజాగూడ కొండలది సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, ఇప్పుడో ఇంకాసేపట్లోనో దొర్లిపడతాయన్నట్టు ఉంటాయి. ఎవరో రాక్షసుడు ఎత్తి పెట్టాడని కథలు పుట్టేది ఇందుకే. అసలు వాటిని ఎవరూ పెట్టలేదు. భూమి లోపల గడ్డకట్టిన గ్రానైటుకు నిలువునా అడ్డంగా పగుళ్ళు వచ్చాయి. పగుళ్ళలోకి నీళ్ళు దిగి, రాయి అంచుల్ని తిని, మూలలు అరగదీశాయి. పొడి అయినదంతా లక్షల ఏళ్ళ వానలకు కొట్టుకుపోయింది. మిగిలిన గుండ్లు ఉన్నచోటే ఉన్నాయి. అంటే గుట్ట మీది రాయి ఎక్కడి నుంచో వచ్చి ఆగింది కాదు, చుట్టూ ఉన్నదంతా పోతే తాను పోనిది.

మరి వాలు మీద అది జారదేం? రాపిడి వల్ల. రెండు రాళ్ళు నున్నగా కనిపించినా నిజంగా తాకేది అక్కడక్కడ కొన్ని గరుకు శిఖరాల దగ్గరే. రాతికి రాతికి మధ్య రాపిడి గుణకం 0.6 అనుకుంటే, వాలు దాదాపు 31 డిగ్రీలు దాటేదాకా రాయి జారదు. బరువెంతైనా లెక్క అదే. బరువు పెరిగితే కిందికి లాగే బలమూ పెరుగుతుంది, పట్టుకునే బలమూ అంతే పెరుగుతుంది. 1699లో ఫ్రాన్స్‌లో అమోంటన్స్ ఈ సూత్రాన్ని ప్రకటించాడు. ఆయన కన్నా ముందే లియొనార్డో డావిన్చీ తన నోటుపుస్తకాల్లో రాసి పెట్టుకున్నాడు.

1785 నాటికి కూలుంబ్ మరో సంగతి గమనించాడు. కదులుతున్నదాన్ని కదిలిస్తూ ఉండటం కన్నా, ఆగినదాన్ని కదిలించడం కష్టం. అది ఆగి ఎంతసేపైతే అంత కష్టం. ఆ గరుకు శిఖరాలు ఒకదానిలోకొకటి మెల్లగా ఒదిగి, తాకే మేర పెరుగుతూ పోతుంది. బీరువాను జరపాలంటే మొదటి నెట్టు దగ్గరే చెమట పట్టేది అందుకే. నెట్టగా నెట్టగా ఒక్కసారి కదిలిందంటే, ఆపుకోలేక మనమే దాని మీద పడబోతాం.

ఈ పట్టు చెడ్డదేమీ కాదు. మేకు గోడలో ఉండేది దీనివల్లే, నడిచేటప్పుడు కాలు జారనిది దీనివల్లే. గుంజకు తాడు ఒక చుట్టు తిప్పితే, తాడు గుణాన్ని బట్టి గేదె లాగే బలంలో ఆరో వంతో ఏడో వంతో మన చేతిలో ఉంటే చాలు. రాపిడి గుణకం 0.3 అనుకుని లెక్క వేస్తే, రెండు చుట్లకు ఒకటికి 43 రెట్లు, మూడు చుట్లకు 285 రెట్లు. చుట్టు చుట్టుకూ పట్టు కూడికగా పెరగదు, హెచ్చవేసుకుంటూ పోతుంది. పీటముడిని లాగిన కొద్దీ బిగిసేది ఇందుకే. పట్టు సడలాలంటే లాగడం ఆపి, తాడును లోపలికే కొంచెం నెట్టాలి. ఈ చిట్కా గుర్తుంచుకోండి, చౌరస్తాలో పనికొస్తుంది.

శనగలూ కమానూ

ముందు సీటాయన మాట జామ్. ఇంగ్లిషులో అది ఒత్తి కూరడం. మూలం ఏమిటో నిఘంటువులు గట్టిగా చెప్పవు. పండ్లను నలిపి ఒత్తి చేసే జామ్ కూడా ఇందులోంచే వచ్చిందని అంటాయి. హైదరాబాద్‌లో దీనికి ఇంకా బంధువులున్నారు. ఉర్దూలో జామ్ అంటే మధుపాత్ర. తెలుగులో జాము మూడు గంటలు. పేరొకటే గానీ ఈ మూడింటికీ చుట్టరికం లేదు. కానీ ఆ సాయంత్రం జామ్‌లో జాము గడిచేలా ఉండటం మాత్రం నిజం.

వంటింట్లో చేసి చూడండి. ఖాళీ నీళ్ళ సీసాలో ఆవాలు పోసి తలకిందులు చెయ్యండి. బిరబిరా జారిపోతాయి. అదే సీసాలో కాబూలీ శనగలు పోసి తిప్పండి. పది పడతాయి, పదిహేను పడతాయి, టక్కున ఆగిపోతాయి. మూతి వెడల్పు ఒక్కో శనగ కన్నా రెట్టింపు పైనే ఉంది, ఏ ఒక్కటీ అందులో ఇరుక్కునేంత పెద్దది కాదు. అయినా ఆగాయి. మూతి దగ్గర తేరిపార చూడండి. నాలుగైదు శనగలు భుజం భుజం ఆనించి చిన్న వంపు కట్టాయి. పైనున్న శనగల బరువంతా ఆ వంపు మీద పడి, పక్కకు తిరిగి, సీసా గోడల మీదికి పోతోంది. పైన బరువు పెరిగిన కొద్దీ వంపు ఇంకా బిగుస్తుంది.

ఆ వంపు పేరు మనకు తెలిసిందే: కమాను. 1591లో కట్టిన చార్మినార్‌ను నాలుగు వందల ఏళ్ళుగా నిలబెడుతున్న సూత్రమూ, మన శనగల్ని ఆపిన సూత్రమూ ఒకటే. గింజ వెడల్పుకు మూతి ఐదారు రెట్లు ఉంటే ఇలాంటి కమాను నిలవడం కష్టం. అంతకన్నా ఇరుకైతే ఎప్పుడో ఒకప్పుడు కట్టుకుంటుంది. ధాన్యపు గరిసెల్లోనూ ఇదే తీరు. 1895లో జాన్సెన్ అనే జర్మన్ ఇంజనీరు లెక్క కట్టి చూపాడు, నీళ్ళ తొట్టిలోలా గరిసె అడుగున ఒత్తిడి ఎత్తుతోపాటు పెరుగుతూ పోదు. కొంత ఎత్తు దాటాక పైన ఎంత పోసినా ఆ బరువును గోడలే మోస్తాయి.

దీనికి విడుపు ఎక్కడుంది? సీసా పైనుంచి కర్రతో పొడిస్తే కమాను ఇంకా గట్టిపడుతుంది. పక్కన వేలితో ఒక్క తట్టు తట్టండి. ఒక శనగ పక్కకు జరిగితే చాలు, మిగతావన్నీ రాలిపోతాయి.

మనుషులూ తలుపుల దగ్గర ఇలాగే కమాను కడతారు. హెల్బింగ్, ఫార్కాష్, విచెక్ అనే ముగ్గురు 2000లో కంప్యూటర్‌లో జనాన్ని నడిపి చూశారు. అందరూ తొందరపడి తోసుకుంటే గదిలోంచి బయటపడటానికి ఎక్కువ సేపు పట్టింది. నిదానమే ప్రధానం అని మనం సామెతగా చెప్పుకునేది వాళ్ళు సమీకరణాల్లో చెప్పారు.

దిగబడ్డ కాలు

దిగబడటం సంగతి రెండు మాటల్లో. సినిమాల్లో ఊబిలో పడ్డవాడు తలదాకా మునిగిపోతాడు. నిజానికి ఊబి ఘనసెంటీమీటరుకు సుమారు 2 గ్రాములు తూగుతుంది, మనిషి సుమారు 1 గ్రాము. కాబట్టి నడుం దాకా దిగి ఆగిపోతాడు. ప్రాణం తీసేది మునగడం కాదు, బయటికి రాలేకపోవడం. 2005లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు, ఊబిలో దిగిన పాదాన్ని సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున పైకి లాగాలంటే ఒక కారును ఎత్తేంత బలం కావాలి. కాలి చుట్టూ ఇసుక గట్టిగా సర్దుకుని, నీరంతా పైకి పోతుంది. ఆ నీరు మళ్ళీ లోపలికి చేరితేనే ఇసుక వదులవుతుంది. కాలిని చిన్నగా అటూ ఇటూ ఆడిస్తే నీటికి దారి దొరుకుతుంది. బలంగా లాగడం మాత్రం పీటముడిని లాగినట్టే.

పట్టుకున్నవాడే లేని జామ్

ఇంతవరకూ ఏదో ఒకటి పట్టుకుంటేనే ఆగాం. ఏదీ పట్టుకోకపోయినా ఆగొచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు మీదో, పాత ముంబయి హైవే మీదో మీకూ ఎదురై ఉంటుంది. బండ్లు పది నిమిషాలు నత్తనడక నడిచి, ఉన్నట్టుండి దారి ఖాళీ అవుతుంది. ప్రమాదం ఉండదు, గుంత ఉండదు, ఊరేగింపు ఉండదు. ఇంతసేపూ ఎందుకాగామో తెలియదు.

జపాన్‌లో యూకీ సుగియామా బృందం 2008లో దీన్ని కళ్ళకు కట్టింది. 230 మీటర్ల చుట్టుకొలత గల గుండ్రటి బాట గీసి, దానిమీద 22 కార్లు సమాన దూరంలో పెట్టి, అందరినీ గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో నడపమన్నారు. ఇరుకు లేదు, సిగ్నల్ లేదు, అడ్డొచ్చే ఆటో లేదు. కాసేపు బాగానే సాగాయి. తర్వాత ఎవరో ఒకరు రవ్వంత తగ్గారు, వెనకవాడు ఇంకొంచెం తగ్గాడు, ఆ వెనకవాడు బ్రేకే వేశాడు. చూస్తుండగానే నాలుగైదు కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ ముద్ద అక్కడే ఉండలేదు. కార్లు ముందుకు పోతుంటే అది గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పాకింది.

వెనక్కే ఎందుకు? ఆగినవాళ్ళలో ముందున్నవాడు కదిలాక, వెనకవాడు చూసి కదలడానికి సెకను పైన పడుతుంది. ఒక్కో కారుకు ఏడు మీటర్ల చోటు అనుకోండి. కదలిక సెకనున్నరలోపు ఒక కారు వెనక్కి జరుగుతుంది. అంటే సెకనుకు ఐదారు మీటర్లు, గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. మీరు గచ్చిబౌలిలో ఆగింది అరగంట కిందట ఎక్కడో ముందెవరో వేసిన బ్రేకు వల్ల కావచ్చు. ఆయన ఈపాటికి ఇంట్లో కాఫీ తాగుతుంటాడు.

దీనికీ విడుపు ఉంది. 2016లో అమెరికాలోని అరిజోనాలో ఇదే గుండ్రటి బాట మీద ఇరవైకి పైగా కార్లు తిప్పారు. వాటిలో ఒక్క కారును మాత్రం కంప్యూటర్ నడిపింది. ముందు కారు పరుగెత్తినా తాను పరుగెత్తలేదు, నిలకడగా ఒకే వేగంతో, ముందు కాస్త చోటు వదులుతూ సాగింది. ఆ ఒక్కదానితో మిగతావాళ్ళ ఆగుడూ సాగుడూ అణిగిపోయింది. మన రోడ్డు మీద అలా చోటు వదిలితే ఏమవుతుందో తెలుసు, రెండు బైకులూ ఒక ఆటో అందులో దూరతాయి. అయినా లెక్క మారదు. చోటు ఉన్నచోటే కుదుపు చచ్చిపోతుంది.

నలుగురు, నాలుగు చోట్లు

మరి మేమున్న చౌరస్తాలో జరుగుతున్నది ఇందులో ఏది? డ్రైవరు కిందికి దిగి, తొంగి చూసి వచ్చి చెప్పాడు. షేక్‌పేట వైపు నుంచి వచ్చిన తెల్లకారు, నానక్‌రామ్‌గూడ వైపు నుంచి వచ్చిన కంపెనీ బస్సు, బయోడైవర్సిటీ వైపు నుంచి వచ్చిన వ్యాను, మణికొండ వైపు నుంచి వచ్చిన నీళ్ళ ట్యాంకరు. నాలుగూ చౌరస్తా నడిమధ్యకు వచ్చేశాయి. కారు ముందు బస్సు, బస్సు ముందు వ్యాను, వ్యాను ముందు ట్యాంకరు, ట్యాంకరు ముందు మళ్ళీ కారు. ప్రతివాడికీ ముందు పది అడుగుల చోటు కావాలి. ఆ పది అడుగుల్లో ఇంకొకడున్నాడు.

న్యూయార్క్‌లో దీనికి 'గ్రిడ్‌లాక్' అని పేరు పెట్టారు. అక్కడి ట్రాఫిక్ ఇంజనీరు శామ్ ష్వార్ట్జ్ నోట 1980 ఏప్రిల్ నాటి రవాణా కార్మికుల సమ్మె రోజుల్లో ఆ మాట పత్రికలకెక్కింది. దానికన్నా పాతది 'డెడ్‌లాక్'. 1779లో షెరిడాన్ రాసిన 'ద క్రిటిక్' నాటకంలో అది కనిపిస్తుంది. ఇద్దరు అమ్మాయిలు ఒక వీరుడి మీద బాకులెత్తుతారు. వాళ్ళ మేనమామలో పినతండ్రులో, ఇద్దరు పెద్దమనుషులు ఆ చేతులు పట్టుకుని, తమ కత్తుల్ని అతనివైపు తిప్పుతారు. అతను రెండు బాకులు తీసి ఆ అమ్మాయిల గుండెలకు ఆనిస్తాడు. ముందుగా ఎవరు వదిలితే వారికే ముప్పు. బొమ్మల్లా నిలబడిపోతారు. దీన్ని మన పత్రికలు ప్రతిష్టంభన అంటాయి. ప్రతి, స్తంభన. ఒకరినొకరు స్తంభాలు చేసుకోవడం. ఇంతకన్నా కచ్చితమైన మాట ఇంగ్లిషులో లేదు.

ముందు సీటాయన సర్వర్ జబ్బూ ఇదే అయ్యుండొచ్చు. హ్యాంగ్ అన్నది లక్షణమే. లోపల ప్రోగ్రాము అంతులేని చక్రంలో తిరుగుతూ ఉండొచ్చు, జవాబు రాని కబురు కోసం కాచుకుని ఉండొచ్చు, లేదా రెండు ప్రోగ్రాములు ఒకదానికి కావలసింది ఇంకొకటి పట్టుకుని కూర్చుని ఉండొచ్చు. 1965లో డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఈ మూడోదాన్ని 'చావు కౌగిలి' అన్న అర్థంలో వర్ణించాడు. 1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, శొషానీ అనే ముగ్గురు దీనికి నాలుగు షరతులు తేల్చారు. నాలుగూ ఒక్కసారి కుదిరితేనే ప్రతిష్టంభన. ఏ ఒక్కటి తప్పినా విడుపు.

మొదటిది, ఒక చోట ఒక్కరే ఉండగలగాలి. రెండోది, ఉన్న చోటు వదలకుండా మరో చోటు కోసం కాచుకోవాలి. మూడోది, ఒకరు పట్టుకున్నదాన్ని ఇంకొకరు బలవంతంగా విడిపించలేకపోవాలి. నాలుగోది, ఆ ఎదురుచూపులు గొలుసులా వచ్చి మొదటివాడి దగ్గరే ముగియాలి.

ఇది కంప్యూటర్ల కోసం రాసిన జాబితా. కానీ నగరంలో చౌరస్తాలకు వేసే మందులన్నీ ఈ నాలుగింటిలోనే ఉన్నాయి. ఫ్లైఓవర్ కడితే మొదటి షరతు తెగుతుంది, ఒకే చోట పైనొకరు కిందొకరు వెళ్ళొచ్చు. 2022 జనవరి 1న తెరిచిన, దాదాపు 2.8 కిలోమీటర్ల షేక్‌పేట ఫ్లైఓవర్ అలాంటిదే. చౌరస్తా మధ్య పసుపు గళ్ళ పెట్టె గీసి, అవతల చోటు ఖాళీ అయితే తప్ప ఇందులోకి రావద్దంటే రెండోది తెగుతుంది. బ్రిటన్ 1967లో ఆ పని చేసింది. కానిస్టేబుల్ వచ్చి బానెట్ మీద చరిచి "నువ్వు వెనక్కి పో" అంటే మూడోది తెగుతుంది. చౌరస్తా మూసేసి అందర్నీ అవతలికి పంపి యూ టర్న్ తిప్పితే నాలుగోది తెగుతుంది, ఎవరి దారినీ ఎవరూ కోసుకోరు.

వీటిలో ఫ్లైఓవర్‌కు కోట్లు కావాలి, పసుపు గళ్ళకు ఒక డబ్బా రంగు చాలు. కానీ రంగు పనిచెయ్యాలంటే గళ్ళ ముందు ఆగే మనిషి కావాలి.

డేటాబేసులకు కానిస్టేబుల్ లోపలే ఉంటాడు. చక్రం కట్టిందని కనిపెడితే, అందులో ఒక పనిని ఎంచుకుని, అది పట్టుకున్నవన్నీ విడిపించి, మొదటికి పంపేస్తాడు. ఎంచుకున్న పనికి ఆ రంగంలో 'విక్టిమ్' అనే పేరు. బలిపశువు! దాని తప్పేమీ ఉండనక్కర్లేదు. తక్కువ నష్టంతో వెనక్కి పంపగలిగేది ఏదైతే అదే. మిగతా పనులన్నీ ముందుకు సాగుతాయి, అది మళ్ళీ మొదటి నుంచి చేసుకొస్తుంది.

విడవడానికే ఖర్చు

పట్టుకోవడానికి బలం కావాలి, వదలడానికి ఏముంది, ఊరికే వదిలెయ్యడమే అనుకుంటాం. మన కండరమే ఆ మాట కాదంటుంది. కండరంలో రెండు రకాల ప్రోటీన్ పోగులుంటాయి. మయోసిన్ పోగుకున్న బుడిపెలు ఆక్టిన్ పోగును పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్ళీ పట్టుకుంటాయి. ఆ బుడిపె పట్టు వదలాలంటే ఏటీపీ అనే ఇంధనపు అణువు వచ్చి దానికి అతుక్కోవాలి. ఇంధనం రాకపోతే బుడిపె పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంటుంది. మనిషి పోయిన కొన్ని గంటలకు శవం బిగుసుకుపోయేది ఇందుకే. ఒంట్లో ఏటీపీ అయిపోయింది, కోట్ల కోట్ల బుడిపెలు పట్టు విడవలేక ఆగిపోయాయి. చివరికి ఆ ప్రోటీన్లే చెడిపోవడం మొదలయ్యాక గానీ ఒళ్ళు మళ్ళీ సడలదు. ప్రాణమున్నంతసేపూ ఒళ్ళు నిమిషనిమిషం ఖర్చు పెట్టేది పట్టుకోవడానికే కాదు, విడవడానికి కూడా.

ఎనిమిదీ ఐదుకు మా డ్రైవరు మళ్ళీ దిగాడు. తెల్లకారు దగ్గరికి వెళ్ళి కిటికీలోకి వంగి ఏదో అన్నాడు. తర్వాత ఆ కారు వెనకున్న బైకులవాళ్ళ దగ్గరికి, వాళ్ళ వెనకున్న ఆటోవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. వెనక్కి పోవాలంటే ఆ కారు ఒక్కటే పోతే సరిపోదు మరి. పీటముడిలో తాడును లోపలికి నెట్టినట్టు అందరూ తలా ఒక అడుగు సర్దుకోవాలి. బైకులు కాళ్ళతో నేలను తంతూ వెనక్కి జరిగాయి. ఆటో ఒకటి ఫుట్‌పాత్ ఎక్కింది. తెల్లకారు వెనక లైటు వెలిగింది. నాలుగడుగులు, ఐదడుగులు. ట్యాంకరు దూరింది. దాని వెనక వ్యాను, వ్యాను వెనక బస్సు.

"ఇడిసిండు సార్" అంటూ డ్రైవరు వచ్చి కూర్చుని బండి స్టార్టు చేశాడు. పక్కనున్న అమ్మాయి ఫోన్ తీసి, "అమ్మా, కదిలాం. నాకూ ఉంచు" అంది.

మేం చౌరస్తా దాటుతూ చూశాం. దారి ఇచ్చిన తెల్లకారు ఇంకా అక్కడే ఉంది. అది తెరిచిన సందులోంచి బస్సులూ ఆటోలూ బైకులూ ఆగకుండా పోతున్నాయి, దానికి ముందుకు రావడానికి ఇంకా వంతు రాలేదు. కారులో ఆయన ఒక చెయ్యి స్టీరింగు మీద పెట్టి, పోయేవాళ్ళను చూస్తూ కూర్చున్నాడు. మా డ్రైవరు అతని ఎదురుగా వచ్చినప్పుడు చెయ్యెత్తి సలాం చేశాడు. హారన్ మాత్రం కొట్టలేదు.